ఫ్లూ షాట్ నొప్పులు పాట్‌లక్ దాటాలి

సెప్టెంబర్ చివరికొచ్చేసరికి అమెరికాలో ప్రతి మందుల షాపు ముందూ ఫ్లూ షాట్ బోర్డు వెలుస్తుంది. ఆఫీసుల్లో హెచ్‌ఆర్ వాళ్ల మెయిల్ వస్తుంది, కొన్ని ఊళ్లలో మన గుడి హాల్లోనే ఆదివారం పూట క్యాంపు పెడతారు. సరిగ్గా అదే రోజుల్లో బతుకమ్మ, దసరా, దీపావళి పాట్‌లక్కులు మొదలవుతాయి. పులిహోర ట్రే పక్కన నిలబడి మనవాళ్లు చెప్పుకునే కబుర్లలో ఇళ్ల ధరలు, గ్రీన్‌కార్డు తేదీల తర్వాత ఈ సూది ముచ్చటే ఎక్కువ. "వద్దన్నా, పోయినేడు వేయించుకుని మూడు రోజులు పడకేశా" అని ఒకరంటారు. "మా ఆయనకి ఆ సూదితోనే ఫ్లూ వచ్చింది వదినా, నేనైతే ఇక వేయించుకోను" అని ఇంకొకరు. పక్కనే ఏ డాక్టరుగారో ఉంటే ఓ నవ్వు నవ్వి, "అదేం కాదు, అంతా మీ భ్రమ" అనేసి గారెల వైపు వెళ్లిపోతారు.

ఈ రెండు మాటలూ మాకు నచ్చవు. పడకేసినవాడు అబద్ధం చెప్పడం లేదు. అలాగని అతను చెప్పే కారణం ప్రతిసారీ నిజం కాదు. చెప్పేవాళ్ల మాట వినకుండా కొట్టిపారేయడమూ, విన్న ప్రతి మాటనూ నలుగురికీ చేరవేయడమూ రెండూ నష్టమే. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. నిజంగా దెబ్బతిన్న మనిషి అనుభవం కూడా ఆ పాట్‌లక్ దాటి బయటికి పోవడం లేదు. వినాల్సినవాళ్ల చెవిన పడటం లేదు.

ముందు మామూలు సంగతి చూద్దాం. ఫ్లూ షాట్ వేయించుకున్న రోజు సాయంత్రానికి జబ్బ నొప్పెడుతుంది. ఆ పక్కకి తిరిగి పడుకోలేం. కొందరికి సూది గుచ్చినచోట ఎర్రబడి, కాస్త వాస్తుంది. కొందరికి ఒళ్లు వెచ్చబడుతుంది, తలనొప్పి, ఒళ్లునొప్పులు, నీరసం ఉంటాయి. ఇవన్నీ ఒకటి రెండు రోజుల్లో పోతాయి. కారణం కూడా పెద్ద రహస్యమేమీ కాదు. టీకాలో ఉన్న వైరస్ ముక్కల్ని చూసి ఒంట్లోని కాపలా వ్యవస్థ లేచి పని మొదలుపెడుతుంది. ఆ సందడే మనకు నలతగా తెలుస్తుంది. వయసులో ఉన్నవాళ్లకి ఇది కాస్త ఎక్కువగా, పెద్దవాళ్లకి తక్కువగా ఉంటుంది. అసలేమీ అనిపించకపోతే మందు పనిచేయలేదని కాదు.

అయితే ఆ నలతంతా సూది వల్లేనా? 1990లలో మిన్నెసోటాలోని మినియాపోలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలో ఒక పరీక్ష జరిపారు. ఆరోగ్యంగా ఉన్న ఉద్యోగులు 800 మందికి పైగా తీసుకుని, సగంమందికి ఫ్లూ టీకా, మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి సూది వేశారు. ఎవరికి ఏది పడిందో వాళ్లకి తెలియదు. 1996లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. జబ్బ నొప్పి టీకా పడినవాళ్లలో 100కి 64 మందికి, ఉత్తుత్తి సూది పడినవాళ్లలో 100కి 24 మందికి వచ్చింది. ఇది నిజమైన తేడా, ఎవరూ కాదనలేరు. కానీ జ్వరం, ఒళ్లునొప్పులు, అలసట లాంటివి చూస్తే టీకా పడినవాళ్లలో 100కి 35 మంది, ఉత్తుత్తి సూది పడినవాళ్లలో 100కి 34 మంది ఉన్నారు. అంటే దాదాపు సమానం. ఆ 34 మందీ అబద్ధాలకోరులు కారు. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఏ వారం తీసుకున్నా మనలో మూడోవంతు మందికి ఏదో ఒక నలత ఉంటూనే ఉంటుంది. మామూలు రోజుల్లో అయితే "నిద్ర చాలలేదు" అనుకుని ఊరుకుంటాం. సూది పడిన వారంలో అయితే సూదినే తిట్టుకుంటాం.

"సూదితోనే ఫ్లూ వచ్చింది" అన్న మాట సంగతి కూడా ఇలాంటిదే. జబ్బకి వేసే టీకాల్లో ఉన్నది చంపిన వైరస్ లేదా ఆ వైరస్ తాలూకు ఒక ప్రొటీన్ మాత్రమే. చచ్చిన విత్తు మొలకెత్తదు. ముక్కులో కొట్టే స్ప్రే ఒక్కటే బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసింది, దాని తర్వాత ముక్కు కారడం మామూలే. మరి సూది తర్వాత ఫ్లూ వచ్చినవాళ్ల మాటేమిటి? టీకా పడ్డాక రక్షణ తయారవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఈలోపు డేకేర్ నుంచి పిల్లాడు మోసుకొచ్చే వైరస్ ఆగి చూడదు కదా. పైగా మనవాళ్లకి ప్రతి జలుబూ ఫ్లూయే. జలుబు తెచ్చే వైరస్‌లు బోలెడున్నాయి, ఈ టీకా వాటి జోలికి పోదు. టీకా బాగా కుదిరిన సంవత్సరాల్లో కూడా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సొచ్చే ఫ్లూని 40 నుంచి 60 శాతం వరకే తగ్గిస్తుంది. ఈ మాట ముందే చెబితే తర్వాత ఇంత కోపం రాదు. చెప్పేవాళ్లు చెప్పరు, అదే మా ఫిర్యాదు.

ఇప్పుడు అసలు మాటకొద్దాం. న్యూజెర్సీలో మా మిత్రుడొకరున్నారు, నలభై దాటిన సాఫ్ట్‌వేర్ మనిషి. ఒక మందుల షాపులో నిలబెట్టే సూది వేశారు. ఆయన వేసుకున్నది బిగుతు చేతుల స్వెట్టరు. చెయ్యి పైకి మడవడం కుదరక మెడ దగ్గర కిందికి లాగి, పైన కనిపించిన కాస్త భుజంలోనే గుచ్చేశారు. ఆ రాత్రే నొప్పి మొదలైంది. వారమైనా తగ్గలేదు. షాపుకి ఫోన్ చేస్తే "ఇట్స్ నార్మల్, టైలెనాల్ వేసుకోండి" అన్నారు. నెలన్నర తర్వాత కూడా చెయ్యి వెనక్కి పెట్టి బెల్టు దూర్చుకోలేకపోయారు. కారులో వెనక సీటు మీద బ్యాగు అందుకోలేకపోయారు. ఇంట్లో వాళ్లు, "అందరికీ ఉండేదే, నువ్వే పెద్దది చేస్తున్నావు" అన్నారు. చివరికి ఎముకల డాక్టరు దగ్గరికి వెళితే, కీలు చుట్టూ ఉండే మెత్తటి సంచిలోకి మందు వెళ్లి అక్కడ వాపు చేరిందని తేలింది. ఫిజియోథెరపీతో మామూలు మనిషి కావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

దీనికి వైద్యంలో ఒక పేరుంది, సిర్వా అంటారు. సూది వేసిన తీరు వల్ల భుజానికి తగిలే దెబ్బ అని అర్థం. ఇందులో మందు తప్పేమీ లేదు, గుచ్చిన చోటుదే తప్పు. సూది పడాల్సింది భుజం ఎముక కొస నుంచి రెండు మూడు వేళ్ల కింద, కండ మధ్యలో. బాగా పైకి గుచ్చితే కండలోకి పోవాల్సింది కీలులోకి పోతుంది. ఇది అరుదే. కానీ మామూలు జబ్బ నొప్పికీ దీనికీ తేడా ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు. మామూలు నొప్పి కండలో ఉంటుంది, రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. ఇది 48 గంటల్లోపు మొదలై, రోజులు గడిచేకొద్దీ తగ్గకపోగా చెయ్యి ఎత్తనివ్వదు, వెనక్కి తిప్పనివ్వదు. అలా ఉంటే వారం పది రోజులకు మించి ఆగకుండా డాక్టరుకి చూపించాలి.

ఇంకో రెండు సంగతులు కూడా దాచకుండా చెప్పాలి. సూది పడ్డ కొద్ది నిమిషాల్లోనే ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వచ్చే తీవ్రమైన ఎలర్జీ అన్ని టీకాలూ కలిపి చూస్తే పది లక్షల డోసులకి ఒకటి చొప్పున కనిపిస్తుంది. అందుకే వేశాక పదిహేను నిమిషాలు కూర్చోమంటారు. కొందరికి, ముఖ్యంగా టీనేజి పిల్లలకి, భయంతోనో నొప్పితోనో కళ్లు తిరిగి పడిపోవడం ఉంది. ఆ పదిహేను నిమిషాలు అందుకూ పనికొస్తాయి. మనవాళ్లు మాత్రం సూది పడగానే కారు తాళాలు చేతిలో పట్టుకుని పరుగే పరుగు.

రెండోది గియాన్ బారే సిండ్రోమ్. పాదాల్లో తిమ్మిరితో మొదలై, బలహీనత పైకి పాకుతూ వస్తుంది. దీని పేరు చెప్పి భయపెట్టేవాళ్లకి ఆధారం 1976 నాటి కథ. ఆ ఏడు న్యూజెర్సీలోని ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో స్వైన్ ఫ్లూ కనిపించి ఒక సైనికుడు చనిపోయాడు. అప్పటి అధ్యక్షుడు గెరాల్డ్ ఫోర్డ్ దేశం మొత్తానికీ టీకాలు వేయించాలన్నారు. అక్టోబర్‌లో మొదలుపెట్టి సుమారు 4.5 కోట్ల మందికి వేశారు. భయపడ్డ ఫ్లూ రాలేదు గానీ, టీకా వేయించుకున్నవాళ్లలో లక్షకి ఒకరు చొప్పున ఈ జబ్బు అదనంగా కనిపించింది. డిసెంబర్‌లో కార్యక్రమాన్నే ఆపేశారు. ఆ తర్వాతి కాలపు టీకాల్లో ఈ ముప్పు ఉంటే గింటే పది లక్షలకి ఒకటి రెండు కేసులు. అసలు ఫ్లూ జబ్బు వల్ల ఇదే గియాన్ బారే వచ్చే అవకాశం అంతకంటే ఎక్కువ. 1976 కథలో మాకు ముఖ్యంగా తోచేది వేరు. జనం చెప్పిన అనుభవాలను ఎవరో రాసుకున్నారు, లెక్కకట్టారు, కాబట్టే ఆ సంగతి బయటపడింది, కార్యక్రమం ఆగింది. పాట్‌లక్కులో చెప్పుకుని ఊరుకుని ఉంటే తెలిసేది కాదు.

ఈ దేశంలో చెప్పుకోవడానికి చోటుంది. 1990 నుంచి వేర్స్ అనే నమోదు వ్యవస్థ నడుస్తోంది. సీడీసీ, ఎఫ్‌డీఏ రెండూ కలిసి పెట్టింది. డాక్టరే రాయాలని లేదు, మనమైనా రాయొచ్చు. అయితే ఒక హెచ్చరిక. అందులో నమోదైనంత మాత్రాన టీకా వల్లే జరిగిందని రుజువైనట్టు కాదు. ఆ అంకెల్ని పట్టుకొచ్చి "చూశారా ఇంతమంది" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు ఈ ముక్క మింగేస్తారు. ఎక్కడైనా ఒకేరకం బాధ పదేపదే కనిపిస్తోందా అని చూసి, ఆ తర్వాత విచారించడానికే అది పనికొస్తుంది.

భుజం పోయి నెలలు పని చెడినవాళ్లకి ఇంకో దారి కూడా ఉంది. 1986లో చేసిన చట్టం కింద టీకా నష్టపరిహారం కార్యక్రమం 1988లో మొదలైంది. ప్రతి ఫ్లూ డోసు మీదా 75 సెంట్లు పన్ను కట్టి నిధి పోగుచేస్తారు. 2005లో ఫ్లూ టీకాని, 2017లో ఈ భుజం దెబ్బని ఆ పట్టికలో చేర్చారు. బాధ ఆరు నెలలకు మించి ఉండాలి, మొదటి లక్షణం కనిపించిన మూడేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. సద్బుద్ధితో, సరైన ఆధారంతో పెట్టిన కేసైతే ఓడిపోయినా లాయరు ఫీజు ఆ నిధే ఇస్తుంది. అమెరికా పౌరులే కావాలన్న నియమం లేదు.

ఈ చివరి ముక్క మనవాళ్లకి చాలామందికి తెలియదు. మా న్యూజెర్సీ మిత్రుడికీ తెలియదు. చెప్పాక కూడా ఆయన అన్నమాట, "హెచ్1 మీద ఉన్నాం, మనకెందుకొచ్చిన గొడవ." ప్రభుత్వానికి ఏదైనా కాగితం పెడితే వీసా ఫైలు మీద మచ్చ పడుతుందన్న భయం మనలో అంత లోతుగా పాతుకుపోయింది. టీకాతో తగిలిన దెబ్బకి కాగితం పెట్టడానికీ వీసాకీ ముడి లేదు. పరిహారం అడగడమంటే టీకాకి వ్యతిరేకంగా నిలబడటమని కూడా కొందరు మొహమాటపడతారు. అసలు ఆ చట్టం చేసిందే టీకాలు నిలవాలని, దెబ్బతిన్న కొద్దిమందిని రోడ్డున పడేయకూడదని.

ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. వాళ్లకి 65 దాటితే సాధారణంగా మామూలు షాట్ వెయ్యరు. 2022 నుంచి ఆ వయసువాళ్లకి ఎక్కువ మోతాదు టీకాకో, బలం పెంచిన రకాలకో మొగ్గు చూపాలని సిఫార్సు ఉంది. ఎక్కువ మోతాదు రకంలో ఒక్కో వైరస్‌కి చెందిన మందు నాలుగు రెట్లుంటుంది. కాబట్టి జబ్బ నొప్పి, నలత కాస్త ఎక్కువే ఉంటాయి. మనం చెప్పకపోతే వాళ్లకి తెలియదు. తెలిసినా చెప్పరు. మాకు తెలిసిన ఒకింట్లో అత్తయ్యగారికి సూది పడ్డ రాత్రి చలీ జ్వరమూ వచ్చాయట. కొడుకూ కోడలూ ఆఫీసు మానుకోవాల్సి వస్తుందని రెండు రోజులు దుప్పటి కప్పుకుని, "ఈ చలి దేశంలో ఇంతేలేమ్మా" అంటూ గడిపేశారు. ఇది ఆ ఒక్కింటి సంగతే కాదు. ఇంగ్లీషులో అడిగే ఎలర్జీ ప్రశ్నలకి పిల్లలే అలవాటుగా "నో, నో" అని జవాబులు చెప్పేస్తుంటారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, ఇదివరకెప్పుడైనా సూదికి ఒళ్లు దద్దురెక్కిందా అని వాళ్లనే తెలుగులో అడగండి. విజిటర్ ఇన్సూరెన్సు పాలసీలు చాలావాటిలో ఇలాంటి ముందుజాగ్రత్త టీకాలకి డబ్బు రాదు. ముందే కనుక్కోవడం మంచిది, కౌంటీ ఆరోగ్యశాఖ దగ్గరా అడగొచ్చు.

శాకాహారులు అడిగే ప్రశ్న కూడా న్యాయమైందే. ఫ్లూ టీకాలు చాలావరకు కోడిగుడ్లలో పెంచిన వైరస్‌తోనే తయారవుతాయి. గుడ్డు ముట్టనివాళ్లకి గుడ్డు లేకుండా తయారయ్యే ఫ్లూసెల్వాక్స్, ఫ్లూబ్లాక్ లాంటివి ఉన్నాయి, అడిగితే ఇస్తారు. ముక్కు స్ప్రేలో పంది జెలటిన్ ఉంటుంది. గుడ్డు ఎలర్జీ ఉన్నవాళ్లకి అదనపు జాగ్రత్తలు అక్కర్లేదని 2023 నుంచి చెబుతున్నారు.

ఇంత చెప్పాక, మీరు వేయించుకోమంటారా వద్దంటారా అని అడుగుతారు. వేయించుకోమంటాం. 2010 నుంచి 2020 దాకా సీడీసీ అంచనాల ప్రకారం ఈ దేశంలో ఫ్లూతో చనిపోయినవాళ్లు ఏడాదికి 12 వేల నుంచి 52 వేల దాకా ఉన్నారు. 2024-25 చలికాలంలో కనీసం 280 మంది పిల్లలు పోయారు. ఫ్లూ ఏ ఒక్క దేశానికో పరిమితమైంది కూడా కాదు. 2009 మేలో భారతదేశపు తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది హైదరాబాద్‌లో, అమెరికా నుంచి దిగిన ప్రయాణికుడికే. డిసెంబర్ టికెట్లు కొనుక్కుని అమ్మమ్మ, తాతయ్యల దగ్గరికి వెళ్లేవాళ్లకి ఇది పనికొచ్చే సంగతి.

అమెరికాలో టీకాల గురించి మాట్లాడటం కష్టమైపోయిన కాలమిది. 2025 జూన్‌లో సీడీసీకి టీకాల సలహా ఇచ్చే కమిటీలోని 17 మందినీ ఒక్కసారిగా తీసేశారు. ఆ తర్వాత పిల్లల టీకాల సిఫార్సుల మీద వాదోపవాదాలు నడిచాయి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ మాత్రం 2025-26 సీజన్‌కు ఆరు నెలలు దాటిన పిల్లలందరికీ వేయించమనే చెప్పింది. అనుమానం ఉన్న తల్లిదండ్రులు పిల్లల డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోండి. వాట్సాప్‌లో ఎవరి బావమరిదో పంపిన వీడియో చూసి తేల్చుకోవద్దు.

మన సమాజంలో డాక్టర్లకి కొదవలేదు. గుడిలో క్యాంపు పెట్టే సంఘాలకీ ఓపిక ఉంది. వాళ్లకి మాదొక విన్నపం. సూదితో పాటు తెలుగులో ఓ చిన్న చీటీ ఇవ్వండి. ఏ టీకా, ఏ లాట్ నంబరు, ఏ తేదీ, ఏ చెయ్యి అన్నవి అందులో రాయండి. ఎన్ని రోజులు నొప్పి ఉండొచ్చో, ఏముంటే ఫోన్ చెయ్యాలో ఆ నంబరు కూడా. కోవిడ్ టీకా కూడా అదే రోజు వేస్తే రెండు చేతులకీ విడివిడిగా వెయ్యండి, ఏది నొప్పెట్టిందో తెలుస్తుంది. ఆడవాళ్లకి చెయ్యి పూర్తిగా పైకి తీసుకునే వీలుండేలా ఒక తెర కట్టించండి. చుడీదార్ మెడ పక్కకి లాగి గుచ్చే పని ఉండదు. పదిహేను నిమిషాలు కూర్చోవడానికి వరసగా కుర్చీలు వేయించండి. సూది వేసే మనిషి కూడా నిలబడి వెయ్యకుండా ఎదురుగా కూర్చునే వేసేలా వాళ్లకీ ఒక కుర్చీ వెయ్యండి.